కుడి భుజం మీది మఫ్లర్

కదలలేని మనిషికి కోటు తొడగడం ఎంత కష్టమో తెలిసినవాళ్లు తక్కువ. ఇన్‌స్పెక్టర్‌కు తెలుసు. మనిషి తనంతట తాను వేసుకుంటే చొక్కా అంచును వేళ్లతో బిగించి పట్టుకుని మరీ చెయ్యి దూరుస్తాడు. ఇంకొకరు తొడిగితే ఆ సంగతి గుర్తుండదు. లోపలి చొక్కా చెయ్యి మోచేతి దాకా ఎగబాకి ముద్దైపోతుంది. ఆసుపత్రిలో భర్తకు మొదటిసారి స్వెట్టర్ తొడిగిన రోజు ఆమె కూడా ఆ పొరపాటే చేసింది.

శవం పక్కన గొంతుకూర్చుని ఆమె కోటు చేతిలోకి రెండు వేళ్లు పోనిచ్చింది. మణికట్టు దగ్గర చొక్కా తగల్లేదు. ఇంకా లోపలికి పోనిచ్చింది. మోచేతి దగ్గర గుడ్డ ఉండచుట్టుకుని ఉంది. రెండో చేతిలోనూ అంతే.

"కోటు ఇతను వేసుకోలేదు బాబాయ్," అంది. "ఎవరో వేశారు."

స్టేషన్‌లో రికార్డులు రాసే రైటర్ పెద్దాయనను చిన్నా పెద్దా అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన శవం వంక చూసి, "టీవీలో అయితే ఇతనే ఈపాటికి హంతకుణ్ణి పట్టేసి, చేతులు దులుపుకుని ప్రకటనల్లోకి వెళ్లిపోయేవాడు మేడమ్," అన్నాడు. తన మాట తనకే బాగా లేక టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

చనిపోయినవాడు ఆరేళ్లుగా రోజూ సాయంత్రం ఇంటింటికీ వచ్చిన మనిషి. సీరియల్లో డిటెక్టివ్. అతని ముఖం మరిచిపోయినవాళ్లకు కూడా అతని వేషం గుర్తుంటుంది. బూడిద రంగు పొడుగు కోటు, ఒక కొస భుజం మీదుగా వెనక్కి వేసుకున్న ఇటుక రంగు మఫ్లర్, కోటు కాలరుకు గుచ్చిన ఒక పిన్నీసు. ఆ పిన్నీసుతోనే ఎన్ని తాళాలు తీశాడో లెక్క లేదు. పిల్లలు అతన్ని మఫ్లర్ మామయ్య అంటారు. ఇప్పుడు మఫ్లర్ మామయ్య తన ఆఫీసు గది సెట్‌లో, పైకి వెళ్లి ఎక్కడికీ చేరని చెక్కమెట్ల కింద పడి ఉన్నాడు. దెబ్బ తల వెనక తగిలింది. నిన్న సాయంత్రం షూటింగ్ ప్యాకప్ అయిన కాసేపటికే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పి వెళ్లాడు.

ఆమె మఫ్లర్ కొసను పట్టుకుని ఎత్తింది. ఎక్కడా పట్టు లేకుండా చేతిలోకి వచ్చేసింది. అది కుడి భుజం మీద ఉంది. పిన్నీసు కూడా కుడి కాలరుకే ఉంది. ఏదో తేడాగా ఉందనిపించింది. ఏమిటో తేలలేదు. పంటి కింద రాయిలా ఆ అనుమానం అలా ఉండిపోయింది.

నిజానికి ఆమె అంత సేపు చూడాల్సిన పని లేదని పైవాళ్ల ఉద్దేశం. కేసు తెల్లారేసరికే తేలిపోయింది. తేల్చినవాడు స్టూడియో సెక్యూరిటీ పెద్ద. పోలీసు ఉద్యోగంలో పెద్ద హోదాలో ఉండి రిటైరయ్యాడు. ఇప్పటికీ అందరికీ చీఫే. ఒకప్పుడు ఈమెకు పై అధికారి. శవాన్ని పాదాల నుంచి చూసుకుంటూ రావాలని ఆమెకు నేర్పినవాడు ఆయనే. ఫైటింగుల్లో హీరోకు బదులు పడే డూప్‌ను పొద్దున్నే పట్టుకుని, వాడిచేత తప్పు ఒప్పించి రాయించాడు. ఇద్దరూ సీను సాధన చేస్తుండగా మాటా మాటా పెరిగి తోసేశాడట. డూప్‌ను తీసుకెళ్లడానికి నాలుగింటికి వ్యాను వస్తుందని, చీఫ్ చెప్పినట్టు సంతకం పెట్టి పంపేయమని పైనుంచి ఫోన్ వచ్చింది. మీవారు పోయాక సెలవు నుంచి మొన్ననే వచ్చారు, ఒత్తిడి పెట్టుకోవద్దు అని కూడా ఆ గొంతు దయగా అంది.

ఆ దయ ఆమెకు నచ్చలేదు. సంతకం పెడితే ఒక మనిషి జీవితం జైలు పాలవుతుంది. పెట్టకపోవడానికి ఇప్పటికి ఆమె దగ్గరున్నది ముడుచుకుపోయిన ఒక చొక్కా చెయ్యి మాత్రమే.

*

డూప్‌ను సెక్యూరిటీ గదిలో కుర్చీకి తువ్వాలుతో కట్టేసి కూర్చోబెట్టారు. తలుపు దగ్గర ఇద్దరు గార్డులు నిలబడ్డారు. ఆమె వాళ్లను బయటికి పంపి తువ్వాలు విప్పింది. అతను చేతులు రుద్దుకోలేదు. కట్టి ఉన్నప్పుడు ఎలా కూర్చున్నాడో అలాగే కూర్చున్నాడు.

నిన్న సాయంత్రం సంగతి అడిగితే పొందికగా చెప్పాడు. ప్యాకప్ అనగానే ఇద్దరూ కోట్లు విప్పి కాస్ట్యూమ్స్ అక్క చేతికిచ్చేశారు. లైట్ల వేడిలో ఉన్ని కోటు వేసుకుని ఆడేవాడికి ప్యాకప్ తర్వాత ఒక్క నిమిషం కూడా దాన్ని ఒంటి మీద ఉంచుకోబుద్ధి కాదు. హీరో చారల చొక్కాతో అద్దం ముందు ముఖం కడుక్కుంటుంటే, వెళ్లొస్తానన్నా అని చెప్పి అతను ఇంటికి వెళ్లిపోయాడు. పొద్దున గార్డులు వచ్చి లేపేదాకా అతనికి ఏమీ తెలియదు.

"మరి తోశానని ఎందుకు రాశావు?"

"మా అమ్మను తీసుకొచ్చి నా పక్కనే కూర్చోబెడతామన్నారు మేడమ్. ఆవిడ మంచం దిగలేదు."

తల వంచుకుని ఇంకో మాట అన్నాడు.

"ఆరేళ్లుగా ఆయన బదులు నేనే పడుతున్నాను. మెట్ల మీంచి, గోడ మీంచి, ఒకసారి కదిలే లారీ మీంచి. ఆయన నిజంగా పడ్డ రోజున మాత్రం నేను లేను."

బయటికొచ్చాక ఆమె బాబాయ్‌ని పక్కకు పిలిచి, ఈ గది గుమ్మం వదలొద్దని చెప్పింది. టీ తాగాలనిపిస్తే ఇక్కడికే తెప్పించుకోమంది.

*

కాస్ట్యూమ్స్ గదిలో కలరా ఉండల వాసన, కొత్త రంగు వాసన కలిసిపోయి ఉన్నాయి. పోయినేడు స్టూడియోలో నిప్పంటుకుంది ఈ గదికే. బట్టలు చూసే ఆవిడను హీరో దగ్గర్నుంచి ప్రొడ్యూసర్ దాకా అందరూ అక్కా అనే పిలుస్తారట. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బినా చేతిలో ఇస్త్రీపెట్టె ఆపలేదు. ఏమీ చేయకుండా కూర్చుంటే పిచ్చెక్కుతుందమ్మా అంది. పొద్దున వచ్చేసరికి తాళం వేసినట్టే ఉందని, లోపల మాత్రం హీరో కోటు, మఫ్లర్ లేవని చెప్పింది. తాళంచెవులు రెండే. ఒకటి తన నడుము దగ్గర, రెండోది సెక్యూరిటీ గదిలో.

మూల ఒక చెక్కబొమ్మకు డూప్ కోటు తొడిగి ఉంది. ఇన్‌స్పెక్టర్ దాని ఎదుట నిలబడింది. మఫ్లర్ ఎడమ భుజం మీద ఉంది. పిన్నీసు ఎడమ కాలరుకు ఉంది.

ఆమె మఫ్లర్ కొస పట్టుకుని లాగింది. రాలేదు. భుజం కుట్టు కింద వేలు పోనిచ్చి తడిమితే చిన్న ఇనుప కొక్కెం తగిలింది. మఫ్లర్ లోపలి వైపు అల్లిన దారపు ఉచ్చు దానికి తగిలించి ఉంది. ఎంత దొర్లినా ఎంత పరుగెత్తినా ఆ మఫ్లర్ భుజం దిగకపోవడం వెనక రహస్యం ఇదన్నమాట. ఆసుపత్రి టీవీలో సీరియల్ చూస్తూ భర్త దీని గురించే ఎన్నిసార్లో ఆశ్చర్యపోయాడు. కొక్కెం ఇద్దరి కోట్లకూ ఉందా అని అడిగితే, అక్క ఉందంది. అది దర్జీ తాత చేసిన ఏర్పాటు. మొదటి కోటు కుట్టిందీ ఆయనే.

తాత పేరెత్తగానే ఇస్త్రీపెట్టె ఆగింది. మిగతా కథ ఇన్‌స్పెక్టర్‌కు సగం తెలుసు. మంటల్లో పోయింది ఆ ముసలాయనే. బీడీ కాలుస్తూ నిద్రపోయాడని సెక్యూరిటీవాళ్లు తేల్చారు.

"తాత బీడీ ముట్టగా ఈ స్టూడియోలో చూసినవాడు ఒక్కడుంటే తీసుకురండి," అంది అక్క. "వెనక తలుపు దగ్గర పడి ఉన్నాడమ్మా. తలుపుకు బయట తాళం. పగటిపూట ఆ తలుపు ఎప్పుడూ తీసే ఉండేది."

అక్క గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. ఈ వారమంతా హీరో ఆ తాళం గురించే ఆరా తీస్తున్నాడు. ఆ రోజు తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిసిందన్నాడు. నిన్న ముఖం కడుక్కుంటూ, ఇవాళ చీఫ్ గారినే అడిగేస్తానక్కా, టీవీలో అడిగినట్టు కాదు, నిజంగా అడుగుతాను అన్నాడు. ఎందుకొచ్చిన గొడవ నాయనా అని తను వారించింది. తాత కుట్టిన కోటు వేసుకుని ఆరేళ్లు అన్నం తిన్నాను కదక్కా అన్నాడట.

ఇన్‌స్పెక్టర్ బొమ్మ మీది కోటు, మఫ్లర్, పిన్నీసు విప్పి చేతి మీద వేసుకుంది. కారిడార్ మలుపులో గోడకు సీరియల్ పోస్టరు ఉంది. దాన్ని దాటి నాలుగడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చింది.

ఇదే పోస్టరు ఆసుపత్రి లిఫ్టు పక్కన ఉండేది. చక్రాల కుర్చీలో లిఫ్టు కోసం ఎదురుచూస్తూ ఒకరోజు ఆయన అన్నాడు, "చూశావా, వీడి జేబు కుడి వైపుకెళ్లిపోయింది. ఫొటో తిరగేసి వేశారు. ఊళ్లో వాళ్ల సొమ్మంతా వెతికిపెడతాడు పాపం, తన జేబు ఎటుపోయిందో కనిపెట్టలేకపోయాడు." ఆ రోజు ఆమె చేతిలో రిపోర్టులున్నాయి. ఆమె నవ్వలేదు. ఆయన కూడా నవ్వించడానికి మళ్లీ ప్రయత్నించలేదు.

ఆమె పోస్టరుకు దగ్గరగా నిలబడి చూసింది. ఛాతీ జేబు కుడి వైపు ఉంది. మఫ్లర్ కుడి భుజం మీద ఉంది. పిన్నీసు కుడి కాలరుకు ఉంది. టీవీ చూసేవాళ్లకూ, ఇక్కడ పనిచేసేవాళ్లకూ అతని మఫ్లర్ ఉండే భుజం ఎడమది. పోస్టరు ఒక్కటే చూసినవాడికి కుడిది.

ఇప్పుడు ఆమెకు నవ్వాలనిపించింది. వినేందుకు పక్కన ఎవరూ లేరు.

*

చీఫ్ తన గదిలో కాఫీ తాగుతున్నాడు. ఆయన బల్లకు ఎదురుగోడ మొత్తం అదే పోస్టరు. కుర్చీలో కూర్చుంటే తల ఎత్తినప్పుడల్లా అదే కనిపించాలి.

"రా తల్లీ. సంతకానికి ఇంతసేపా? వ్యాను వచ్చేస్తుంది," అన్నాడు. ఆయన ఎప్పుడూ అలాగే పిలిచేవాడు. అప్పట్లో ఆ పిలుపులో ఆమెకు ఆప్యాయత వినిపించేది.

తనకొక చిక్కు తీరడం లేదని, సార్ దగ్గరే తీర్చుకుందామని వచ్చానని ఆమె వినయంగా చెప్పింది. కోటు శవానికి తర్వాత తొడిగారని చెబితే ఆయన కంగారు పడలేదు. కంగారు పడే మనిషి కాదు. డూపే తొడిగి ఉంటాడు, సాధన చేస్తూ పడ్డట్టు కనిపించాలని, అందులో చిక్కేముంది అన్నాడు. నేను నేర్పిన పాఠాలు నాకే అప్పజెబుతున్నావా అని నవ్వాడు.

"మీరు ఈ సీరియల్ చూస్తారా సార్?"

"ముప్పై ఏళ్లు నిజం నేరాలు చూసినవాణ్ణి. పిన్నీసుతో తాళం తీసేవాణ్ణి చూస్తూ కూర్చోమంటావా? మా ఇంట్లో టీవీయే లేదు."

ఆమె చేతి మీది బట్టలను బల్ల మీద కుప్పగా పెట్టింది. అంత తొందరలో ఒక మనిషి ఈ వేషమంతా ఎలా సర్దగలిగాడో తనకు ఊహకు అందడం లేదంది. ఒకసారి చూపిస్తే అర్థం చేసుకుంటానంది. పాఠం చెప్పమంటే కాదనలేని మనిషి ఆయన. ఆమెకు ఆ సంగతి పాత రోజుల నుంచీ తెలుసు. కాఫీ కప్పు పక్కన పెట్టి లేచాడు. కోటు తొడుక్కున్నాడు. మఫ్లర్ మెడకు చుట్టి కొసను కుడి భుజం మీదుగా వెనక్కి విసిరాడు. అది జారింది. మళ్లీ విసిరాడు. ఈసారి అరచేత్తో అదిమి, రెండో చేత్తో పిన్నీసు అందుకుని కుడి కాలరుకు గుచ్చుకున్నాడు.

"ఇంతే. చిన్నపిల్లవాడు కూడా చేస్తాడు."

"చిన్నపిల్లవాడైతే ఎడమ భుజం మీద వేసేవాడు సార్."

ఆయన చూపు ఒక్క క్షణం గోడ వైపు వెళ్లి వచ్చింది. ఆమె ఆ చూపు కోసమే ఎదురుచూస్తోంది.

పోస్టరులో ఫొటో తిరగేసి ఉందని, జేబు చూడమని చెప్పింది. శవం మీద కూడా మఫ్లర్ కుడి వైపే ఉందని చెప్పింది. ఆయన వెంటనే తేరుకున్నాడు. ఎదుటివాడికి తొడిగేటప్పుడు మన ఎడమ వాడికి కుడి అవుతుంది, డూప్‌గాడు తడబడి ఉంటాడు, ఇదీ ఒక సాక్ష్యమేనా అన్నాడు.

"ఇప్పుడు మీ ఎదురుగా ఎవరూ లేరు కదా సార్. మీకు మీరే వేసుకున్నారు."

చీఫ్ తల వంచి తన కుడి భుజం చూసుకున్నాడు.

"ఎడమ భుజం కింద వేలు పెట్టి చూడండి. కొక్కెం ఉంటుంది. ఈ వేషం వేసేవాళ్లు, వేయించేవాళ్లు కళ్లు మూసుకుని కూడా దానికే తగిలిస్తారు. శవం మీది మఫ్లర్ దానికి తగిలించి లేదు. వేసినవాడు ఈ కోటు ఎప్పుడూ ముట్టుకోలేదు, సీరియల్ ఎప్పుడూ చూడలేదు. కాస్ట్యూమ్స్ గది తాళంచెవి మాత్రం వాడి దగ్గర ఉంది."

ఆయన వేలు భుజం కింద ఏదో వెతుక్కుని, దొరికాక ఆగిపోయింది.

"ఒక మఫ్లర్‌ను పట్టుకుని కోర్టులో నిలబడతావా?" అన్నాడు చివరికి.

"నేను కాదు, డూప్ నిలబడతాడు. ఆ కాగితం ఎవరు రాయించారో, వాళ్లమ్మ పేరు చెప్పి ఎలా రాయించారో చెబుతాడు."

చీఫ్ గోడ గడియారం చూశాడు. ఆ చూపులో తొందర లేదు. అయిపోయిన పని వైపు చూసే చూపు అది.

"నిలబడడం వాడి పని కాదు తల్లీ. పడడం వాడి పని."

ఆమె తలుపు తీసేసరికి కారిడార్ చివర్నుంచి బాబాయ్ వగరుస్తూ పరుగెత్తుకొస్తున్నాడు. టోపీ లేదు, పెదవి చిట్లింది. నేరం ఎలా చేశాడో చేసి చూపించాలట, మేడమే రమ్మన్నారని చెప్పి డూప్‌ను లాక్కెళ్లారు, అడ్డం పడితే తోసేశారు, సెట్ మీదికే తీసుకెళ్లారు అని ముక్కలు ముక్కలుగా చెప్పాడు. సెట్ అన్న మాట చెవిన పడేసరికే ఆమె పరుగెత్తింది.

*

సెట్ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి డూప్ చెక్కమెట్ల చిట్టచివర, ఎక్కడికీ చేరని ఆ పలక మీద నిలబడి ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టేశారు. కింద ఎప్పుడూ ఉండే పరుపులు ఈడ్చి గోడకు ఆనించి ఉన్నాయి. పొద్దున శవం పడి ఉన్న చోట ఇప్పుడు వట్టి సిమెంటు నేల. డూప్ వెనక రెండు మెట్ల కింద ఒక గార్డు. వాడు ఆమెను చూడలేదు. రెండు అరచేతులూ ముందుకు చాపి చివరి మెట్టు ఎక్కుతున్నాడు.

అందుకునే దూరం కాదు. ఆగమంటే డూప్ వెనక్కి తిరుగుతాడు, తిరిగితే పడతాడు. ఆరేళ్లుగా ఆ శరీరం ఏ మాటకు ఆగడం నేర్చుకుందో ఆ మాటే ఆమె నోటికి వచ్చింది.

"కట్."

డూప్ ఆలోచించలేదు. ఆ మాట వినగానే ఎప్పుడూ చేసేదే చేశాడు. ఉన్నచోటే మోకాళ్లు మడిచి పలక మీద కూలబడి గడ్డం ఛాతీకి ఆనించుకున్నాడు. గార్డు చేతులు అతని తల మీదుగా గాలిలోకి వెళ్లిపోయాయి. ఒళ్లు ముందుకు తూలింది. సెట్ కోసం కట్టిన పలచటి చెక్క రెయిలింగు ఫెళ్లుమంది. వాడు పలక అంచు పట్టుకుని వేలాడుతూ, కింది సిమెంటు నేలను చూశాడు. తర్వాత ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు చూశాడు.

"సార్, నా వల్ల కాదు సార్," అన్నాడు. "ఆ ముసలాయన తలుపుకు తాళం వేయమన్నప్పుడూ నన్నే పంపారు. లోపల మనిషి ఉన్నాడంటే, తెలుసు వెయ్యి అన్నారు. మళ్లీ నన్నే పంపారు."

ఇన్‌స్పెక్టర్ మెల్లగా వెనక్కి తిరిగింది. పోయినేడు జరిగింది ఎవరో మరిచిపోయి వేసిన తాళం అనుకుంది ఇంతసేపూ. నిర్లక్ష్యాన్ని దాచడానికి చేసిన హత్య అనుకుంది. కాదు. ఒకటి కాదు, రెండు హత్యలు. కోట్లు కుట్టుకునే ఒక ముసలివాడు ఈయనకు ఏం తెలిసి అడ్డమయ్యాడో, అది ఇంకా చీకట్లోనే ఉంది.

ఆమె వెనకే వచ్చిన చీఫ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వెనక దారిని బాబాయ్ రెండు చేతులూ చాచి మూసేశాడు. తొందరలో వేషం విప్పడం మరిచిపోయిన సంగతి చీఫ్‌కు అప్పుడే గుర్తొచ్చినట్టుంది. బూడిద రంగు కోటు, కుడి భుజం మీద మఫ్లర్, కుడి కాలరుకు పిన్నీసు. పొద్దున శవం ఎలా ఉందో అచ్చం అలాగే. ఆయన చెయ్యి మెల్లగా కాలరు వైపు లేచింది.

"తీయకండి సార్," అంది ఆమె. "సాక్ష్యాన్ని ఎక్కడిదక్కడే ఉంచాలని నేర్పింది మీరే."